మిరియం ఆంటీ పేజీలో ఎవరి పేరూ ఉండదు

కాదండీ, పూలచక్రం తెచ్చినందుకు కాదు నా కోపం. యూదుల అంత్యక్రియలకి పూలు తేరని తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. ఆ చక్రం మీద పోయిన మనిషి పేరు కంటే పెద్ద అక్షరాలతో మన తెలుగు సంఘం పేరు, కింద ప్రెసిడెంట్ గారి పేరు ఉండడం కూడా వదిలేస్తాను. ఇష్టం లేని పని చేస్తున్నామని చెప్పడానికి మొదటిసారి పారని తిరగేసి మట్టి వేయడం వాళ్ళ ఆచారం. అందరూ అలా వేస్తుంటే, ఆయన పార పట్టుకుని నావైపు తిరిగి, "అమ్మా, ఒక్క ఫొటో తియ్యి" అన్నారే, దాన్నీ వదిలేస్తాను. ఆ తర్వాత చేసినదాన్ని మాత్రం వదలను.

మిరియం ఆంటీ పోయింది. మోరిస్‌విల్‌లో నేను అద్దెకుంటున్న ఇల్లు ఆవిడదే. కింద ఆవిడ, పైన నేను. పొద్దున నేను ఆఫీస్‌కి బయల్దేరుతుంటే "జాకెట్ ఏది?" అని అరిచిన గొంతు సాయంత్రానికి ఆగిపోయింది. గుండెపోటు. వాళ్ళలో ఆలస్యం చేయరు, మర్నాడే ఖననం. నాకు నమ్మకం కుదిరేలోపే మట్టి కప్పేశాం.

ఆవిడ వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మన సంఘానికి ఆన్‌లైన్‌లో విరాళాలు తీసుకునే ఏర్పాటు మొత్తం ఊరికే చేసిపెట్టింది. ఆ పేజీలు చూసుకునే వాలంటీర్ని నేను.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదుల విశ్రాంతి దినం, ఆవిడ డబ్బూ ఫోనూ ముట్టేది కాదు. శుక్రవారం దీపాలు వెలిగించే ముందు కొంత దానం చేయడం వాళ్ళమ్మ నేర్పిన అలవాటు. వాళ్ళమ్మ వంటింటి కిటికీలో రేకు డబ్బా పెట్టి చిల్లర వేసేదట. ఈ రోజుల్లో చిల్లర ఎవరి దగ్గరుంది? అందుకే ఆంటీ ఫోన్‌లో ఇచ్చేది. ఇచ్చేముందు మెట్ల కింద నుంచి ఒక కేక. "పిల్లా! రోజంతా ఆ ఫోన్ గీకుతూనే ఉంటావు, ఒక్కసారి దానికి పుణ్యం రానీ!" నేను దిగొచ్చి ఇచ్చేదాన్ని. మొదటిసారి ఇచ్చి, స్టేటస్ పెట్టుకుందామని స్క్రీన్‌షాట్ తీయబోతే, నా ఫోన్ లాక్కుని బల్లమీద బోర్లా పెట్టింది. "ఇచ్చేశావుగా, ఇంక అది నీది కాదు. నీది కానిదాన్ని చూపించుకుంటావెందుకు?"

హీబ్రూలో దానాన్ని త్సెదకా అంటారు. ఆ మాటకి అర్థం దయ కాదు, న్యాయం. ఇది నాకు బోధపడింది ఒక ఉగాది వేడుక తర్వాత. మనవాళ్ళు స్టేజీ మీద ఆంటీకి శాలువా కప్పారు. ఆవిడ మైక్ అడిగి తీసుకుని, "బాగా వెచ్చగా ఉంది. ఇక్కడ చలేస్తున్నవాళ్ళెవరు?" అంటూ కిందకి దిగి, ఏసీకి ముడుచుకుని కూర్చున్న ఒక అమ్మమ్మ భుజాల మీద కప్పేసింది. ప్రెసిడెంట్ గారి చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి. తిరిగొస్తూ కార్‌లో నన్ను అడిగింది. "రెడ్ లైట్ దగ్గర ఆగినందుకు కూడా సన్మానం చేస్తారా మీవాళ్ళు?"

నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చదువు మధ్యలో జబ్బు పడింది. ఇన్సూరెన్స్ చేతులెత్తేసింది. విరాళాల పేజీ పెట్టాలి. చూడ్డానికి వెళ్ళిన ప్రెసిడెంట్ గారు ఆస్పత్రి బెడ్ మీద, ముక్కులో ట్యూబుతో ఉన్న ఆ పిల్ల ఫొటో తీసుకొచ్చారు.

"మొహం కనపడకపోతే ఎవరు కదులుతారు మేడం? జనానికి కన్నీళ్ళు రావాలి."

"కన్నీళ్ళు వాళ్ళింట్లో కార్చుకోమనండి," అంది ఆంటీ. "ఆ పిల్ల మొహం ఆ పిల్లది."

పేజీలో ఫొటో లేదు. జబ్బుపడ్డ పిల్ల పేరు లేదు, ఇచ్చినవాళ్ళ పేర్లూ కనపడవు. యూదుల పెద్దలు దానాలకి మెట్లు చెప్పారట. ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఒకరికొకరు తెలియకుండా ఉండడం చాలా పై మెట్టు. ఆలస్యమైంది కానీ సరిపడా వచ్చింది. లేచి తిరగ్గలిగాక నా ఫ్రెండ్ ఆంటీ దగ్గర కూర్చుని, "ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలీదు ఆంటీ" అంది.

"తెలియకపోవడమే మంచిది. రేపు మీ ఇండియన్ స్టోర్‌లో తలెత్తుకుని తిరుగుతావు."

తిరిగింది కూడా, మొన్నటిదాకా.

వాళ్ళ ఆచారం ప్రకారం అద్దాలకి బట్టలు కప్పి, మేం ఆంటీ ఇంట్లో సంతాపం పాటిస్తున్న వారంలోనే, ప్రెసిడెంట్ గారు తన లాగిన్‌తో ఆంటీ పేరున స్మారక నిధి పేజీ పెట్టారు. పైన ఆ ఆస్పత్రి ఫొటో. "మిరియం గారి దయతో బతికిన మన ఆడపడుచు" అని శీర్షిక. పక్కన దాతల పేర్లు, అన్నిటికంటే పైన ఆయనది.

నేను చూడకముందే ఊరంతా చూసింది. నా ఫ్రెండ్ స్టోర్‌లో బిల్ కౌంటర్ దగ్గర నిలబడితే వెనక నుంచి ఒకావిడ, "నువ్వే కదూ ఆ పిల్లవి? అయ్యో, బానే ఉన్నావే! మేమూ ఇచ్చాంలే" అందట. అని, బుట్టలోకి చూసిందట.

"ఐస్‌క్రీమ్ ఉందే బుట్టలో," అంది నా ఫ్రెండ్ ఫోన్‌లో. "తీసి పక్కన పెట్టేసిన. తర్వాత బుట్ట కూడా అక్కడే వదిలేసి వచ్చేసిన."

వెంటనే ఆయనకి కాల్ చేశాను.

"అంకుల్, ఆ ఫొటో తీసేయండి."

"ఏంటమ్మా ఆ మాటలు? ఆవిడ పేరు నిలబెడదామనే కదా!"

"ఆవిడ పేరా, మీ పేరా? తెరవంగనే మీదే కనపడుతుంది."

"మొదట ఇచ్చింది నేను. సిస్టమ్ అలా చూపిస్తుంది."

"ఆ సిస్టమ్ నాకు కూడా తెలుసు అంకుల్."

ఫొటో తీసేశాను. శీర్షిక తీసేశాను. పేర్లన్నీ కనపడకుండా చేశాను. విరాళాల దారి మాత్రం తెరిచే ఉంచాను. కాల్స్ మొదలయ్యాయి. "మా ఆవిడ పేరున ఇచ్చాం, కనపడట్లేదేంటి?" "మావాడి కాలేజీ అప్లికేషన్‌కి స్క్రీన్‌షాట్ కావాలమ్మా." "రిఫండ్ వస్తుందా?" ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ పిల్ల ఎలా ఉందని అడగలేదు.

గమనించారో లేదో, ఇక్కడ నా ఫ్రెండ్ పేరు రాయలేదు. అది ఆమెకి నేనిచ్చే మర్యాద. ప్రెసిడెంట్ గారి పేరూ రాయలేదు. అది ఆయనకి నేను వేసే శిక్ష. పేరు కోసం సమాధినీ వదలని మనిషికి ఇంతకంటే పెద్దది నాకు దొరకలేదు.

ఆంటీ ఉంటే క్షమించమనేదని కొందరు నాకు నీతులు చెబుతున్నారు. వాళ్ళకి ఆంటీ తెలియదు. మనిషికి చేసిన తప్పుని దేవుడు కూడా మాఫీ చేయడని, ఆ మనిషి దగ్గరికే వెళ్ళి అడగాలని ఆవిడ మతం. నా ఫ్రెండ్ దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఆమె ఇప్పుడు కూరగాయలు కూడా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటోంది.

ఇంత మర్యాదగా ఇవ్వడం తెలిసిన మనిషిని నేను మళ్ళీ చూడను. కింద వంటింట్లో శుక్రవారం దీపాలు లేవు. ఆవిడకి దండం పెట్టడం తప్ప నేనివ్వగలిగింది ఈ పేజీ ఒక్కటే. పేర్లు వెనక్కి రావు, ఫొటో అసలే రాదు. నేను చేసింది తప్పనేవాళ్ళు నాకు ఫోన్ చేయకండి. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి, ఆమె కళ్ళలోకి చూస్తూ, "నీ మొహం కంటే మా పేరే ముఖ్యం" అని చెప్పగలరా?