తెల్ల క్యారవాన్, మెరూన్ జెండా

చలికాలం రాగానే ఖతర్‌లో స్థానిక కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. వాటికి కాపలా కాస్తూ, వంట చేస్తూ, క్యారవాన్‌లో, అంటే చక్రాల మీది గదిలో, కాపురముండే మనిషి కావాలన్నారు. కంపెనీలో పని ఆగిపోయి నేను ఖాళీగా ఉన్నాను. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు లోపు చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని యజమాని ముందే చెప్పాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ముషైరిబ్‌లో మెట్రో ఎక్కాను. టికెట్ రెండు రియాళ్లు. లుసైల్‌లో దిగేసరికి ఖాజా పికప్‌తో ఉన్నాడు. మాదీ వాళ్లదీ జగిత్యాలే. ఉమ్ సలాల్‌లో ఒక తోటకు డ్రైవరు. ఈ పని చూసిపెట్టింది అతనే.

"తెల్ల క్యారవాన్, పైన మెరూన్ జెండా. గదే గుర్తు రాజన్నా, పరేషాన్ గాకు," అన్నాడు.

మూడింటికి అలాంటి క్యారవాన్ ముందు దింపి, "తోటల డ్యూటీ ఉన్నది, యల్లా, పోతున్న," అని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూద్దును కదా, కనుచూపు మేరా తెల్ల క్యారవాన్లే, అన్నిటి మీదా ఖతర్ దేశపు మెరూన్ జెండాలే! ఇకపై వెళ్లేవాళ్లు దయచేసి ఫోన్‌లో లొకేషన్ తెప్పించుకోండి. ఖాజా దింపిందే సరైన చోటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక ముసలాయన ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని గుడారంలో కూర్చోబెట్టాడు. గావా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు. పళ్లెం నిండా అన్నం, పొట్టేలు మాంసం పెట్టించాడు. ఎవరివి, ఎందుకొచ్చావు అని ఒక్క మాట అడగలేదు. వంటవాడికే వండిపెట్టడమేమిటి? నాకేమీ అర్థం కాలేదు. పళ్లెం కడుగుదామని లేస్తే, "బైఠో, బైఠో," అని లాక్కున్నాడు. నా వాలకం నచ్చలేదేమోనని భయం పట్టుకుంది.

ఎండ వాలుతోంది. ఉండబట్టలేక వచ్చీరాని హిందీలో అడిగేశాను. "బాబా, మేరా డ్యూటీ క్యా హై?"

ఆయన విస్తుపోయి, ఆపైన పడీపడీ నవ్వాడు. "డ్యూటీ మాఫీ! తుమ్ మెహమాన్." డ్యూటీ ఏమీ లేదు, నువ్వు అతిథివి అని.

నా ఫోన్‌లోంచి అసలు యజమానితో మాట్లాడి, తన బండిలోనే నన్ను నాలుగు క్యాంపుల అవతల దింపాడు. మగ్రిబ్ నమాజుకు పిలిచే బాంగు అప్పుడే మొదలైంది. పని దక్కింది. వచ్చిన మనిషికి కడుపునిండా పెట్టకుండా పనేమిటని అడగడం వాళ్లలో మర్యాద కాదని ఆ యజమానే తర్వాత చెప్పాడు.

చలికాలమంతా క్యారవాన్‌లోనే గడిచింది. పడుకుంటే కాళ్లు తలుపుకు తగిలేవి, గాలి వీస్తే గది ఊగేది. వచ్చినవాళ్లందరికీ నేనే గావా పోశాను.

ఎండలు ముదరగానే గుడారాలు విప్పేశాం. తిరుగు ప్రయాణంలో పికప్ నడుపుతూ ఖాజా, "ఎట్లుండెనే క్యాంప్?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఇన్నేళ్ల ఖతర్‌లో నన్ను అతిథిగా కూర్చోబెట్టింది ఆ ఒక్క పూటే. ఆ అన్నం రుచి మాత్రం నాకు గుర్తులేదు. తిన్నంతసేపూ డ్యూటీ ఎప్పుడు చెబుతారా అని చూస్తూ కూర్చున్నాను.