మంచు ఉన్నప్పుడు చెప్పిన కథ

మొన్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వంటింట్లో నల్లటి అడవి బియ్యం ఉడుకుతుంటే కట్టెపొగ వాసన ఇల్లంతా కమ్ముకుంది, ఆ వాసన వెంటే విస్కాన్సిన్ అడవుల అంచున గడిచిన నా చిన్నతనం వచ్చి ఎదురుగా కూర్చుంది. అక్కడి ఆదివాసులైన మెనామినీ జనం నీళ్ళలో పండిన గింజల్ని పడవల్లోకి దులిపి, మంట మీద వేయించే బియ్యం అవి. డెబ్బైల చివర నాన్న అక్కడ డాక్టరు. అమ్మ బైబిలూ లెక్కలూ ఒకే బల్ల మీద పెట్టి నాకు ఇంట్లోనే చదువు చెప్పేది. తోటి పిల్లలు లేరని గురువారాలు మాత్రం, తమ భాష నిలవాలని ఆ జనం తామే పెట్టుకున్న సంఘానికి పంపేది.

రేకుల హాలు, పొయ్యి దగ్గర ఆరేసిన తడి మేజోళ్ళు, మేపుల్ పాకం పూసిన వేడి రొట్టె, మామ్మలు చెప్పిన మాటను పిల్లలం పదేసిసార్లు తిరిగి చెప్పడం. ఆ భాష ధారాళంగా వచ్చినవాళ్ళంతా అప్పటికే ముసలివాళ్ళు; వాళ్ళలో ఆగ్నెస్ మామ్మకు వచ్చిన కథలు మరెవరికీ రావు. వాటిని నేల మీద మంచు ఉన్నన్నాళ్ళే చెప్పాలన్నది వాళ్ళ కట్టుబాటు. ఆ చలికాలం సంఘంవారు బతిమాలితే పెద్ద కథ ఒకటి రికార్డు చేయనిచ్చింది. టేప్ రికార్డరు మాది. నేనే మోసుకెళ్ళాను, నేనే తెచ్చాను, కేసెట్టు తీసి వాళ్ళ చేతికివ్వడం మరిచాను.

గుంటూరులో ఉన్న అమ్మమ్మకు మేము ఉత్తరాలు కాదు, కేసెట్టులో గొంతులు నింపి పంపేవాళ్ళం: ముందు ప్రార్థన, తరవాత నాన్న దగ్గు, అమ్మ కబుర్లు, చివర నా పాట.

"ఏమే, ఈ రికార్డరులో ఉన్న కేసెట్టు ఖాళీదేనా?" అంది అమ్మ ఆ శనివారం.

"ఆఁ, ఖాళీదేలే అమ్మా," అన్నాను, పుస్తకంలోంచి తలెత్తకుండా.

మా కబుర్ల కింద కథంతా చెరిగిపోయింది. సంఘంవారు అడిగేసరికి కేసెట్టు సముద్రం దాటింది, మంచూ కరిగింది. నాన్న నన్ను మామ్మ ముందు నిలబెట్టాడు. ఏడుస్తూ చెప్పాను. ఆవిడ కిటికీలోంచి తడి నేలను చూసింది.

"నా గొంతు మీద పాడావన్నమాట. పాటైనా బాగా పాడావా?" అంది ఇంగ్లీషులో. "ఇప్పుడు చెప్పకూడదు పిల్లా. మళ్ళీ మంచు పడనీ, ఆ డబ్బా పట్టుకుని రా."

మంచు పడకముందే, ఆకులు రాలే రోజుల్లో ఆవిడ కన్నుమూసింది. ఒక్క మాటా అనకుండా, ఆ తరవాతి గురువారాలు కూడా నా చేతిలో రొట్టె పెట్టిన ఆ మనుషుల కోసం దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. నన్ను క్షమించమని కూడా అడుగుతాను.

ఇప్పుడా హాలు లేదు, అమ్మ లేదు, గొంతులు పోస్టు చేసుకునే కాలమూ లేదు. సంఘంలో పసిపిల్లలకు ఆ భాష నేర్పే అమ్మాయి ఒకతె పోయిన నెల ఫోన్ చేసింది. "ఆ కథ విన్నవాళ్ళు దొరికితే చాలని అందరినీ అడుగుతున్నాం. మీకేమైనా గుర్తుందా?" అంది.

మామ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటు గుర్తుందన్నాను, హాలంతా నవ్విన చోటు గుర్తుందన్నాను.

"ఏమన్నందుకు నవ్వారు?" అని అడిగి, రాసుకోవడానికి ఆగింది.

ఆ కథలోది నా దగ్గర ఒక్క మాట కూడా మిగల్లేదు.