అచ్యుతరామయ్య గారి బ్యాటింగ్ ఆర్డర్

అచ్యుతరామయ్య గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, బ్యాటింగ్ ఆర్డర్ మార్చడం. మ్యాచ్ ముందురోజు ఒకసారి, పొద్దున్నే టీ తాగుతూ ఒకసారి, గ్రౌండుకొచ్చాక నాలుగైదుసార్లు మారుస్తారు. మార్చిన ప్రతిసారీ "ఇదే ఫైనలమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా పీఈటీ టీచరు హిమజకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. గ్రౌండు చుట్టూ ఉన్నది గోడ కాదు, తీగ కంచె. అందుకే బతికిపోయింది.

ఫిల్మ్‌నగర్ బస్తీ బడిలో పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు అది. తొమ్మిది మంది పేర్లూ వరసగా రాసి అంపైరుకివ్వాలి, ఆ వరసలోనే బ్యాటింగుకి రావాలి. కాగితం అంపైరు చేతిలో పడ్డాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా వరస మారదు. ముప్పై ఏళ్లు సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసి రిటైరైన అచ్యుతరామయ్య గారు, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ జట్టుకి కోచ్‌గా వచ్చారు. ఆటంతా పుస్తకం చదివి నేర్చుకున్నారు. వరస ఎలా వేయాలో చెప్పే పేజీ మాత్రం ఆ పుస్తకంలో చిరిగిపోయి ఉంటుందని హిమజ నమ్మకం.

నమ్మక ఏం చేస్తుంది? లాస్య బ్యాటు ఊపితే బంతి కంచె దాటుతుంది. ఆ పిల్లని ఏడో పేరుగా వేస్తారు. స్ఫూర్తి బంతిని చూస్తే కళ్లు మూసుకుంటుంది. ఆ పిల్లది మొదటి పేరు.

"సార్, స్ఫూర్తిని ఫస్టు ఎందుకు పెడుతున్నరు? ప్రతి మ్యాచ్‌ల మూడు బాల్స్‌కే అవుటైతుంది."

"ఇవాళ కొడుతుందమ్మా. మొహంలో కళ ఉంది."

"మొహంల ఉంటే ఏం లాభం సార్, చేతులల్ల ఉండాలె!"

దానికి తోడు ఫోన్లొకటి. పక్కకి వెళ్లి గుసగుసలాడి వచ్చి మరీ మార్చేవారు. ఓసారి ఆ మాటలు హిమజ చెవిన పడ్డాయి. "ఏడూ ఇరవై దాటితే కుదరదా? సరే, ముందే పెట్టేస్తా."

హిమజకు అంతా అర్థమైపోయింది. ముహూర్తం! సినిమావాళ్లు కొబ్బరికాయ కొట్టందే కెమెరా మీద దుమ్ము కూడా దులపరు. ఈయన ఎవరో సిద్ధాంతిని అడిగి పిల్లల్ని బ్యాటింగుకి పంపుతున్నారు. "ఇగ పిల్లలకెందుకమ్మా ప్రాక్టీసు, నవగ్రహాలకు పెడితే సరిపాయె" అని బోరబండలో తల్లి దగ్గర మొత్తుకుంది.

వరసగా మూడు మ్యాచ్‌లు పోయాయి. నాలుగోదీ పోతే జట్టు ఎత్తేసి ఆ పీరియడ్లు లెక్కల మాస్టారికి ఇచ్చేస్తానని పెద్ద మేడమ్ తేల్చి చెప్పేసింది. బ్యాట్లు అడుక్కొచ్చి మరీ ఆ జట్టుని నిలబెట్టింది హిమజే. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

నాలుగో మ్యాచ్ ఆదివారం పొద్దున ఏడింటికి. అచ్యుతరామయ్య గారు యథాప్రకారం ఫోన్ పట్టుకుని పక్కకి వెళ్లారు. అంపైరు పేర్ల కోసం చెయ్యి చాపాడు. హిమజ దేవుడికి దణ్ణం పెట్టుకుని తన లిస్టు ఇచ్చేసింది. మొదట లాస్య, చివర స్ఫూర్తి.

ఆయన ఆయాసపడుతూ వచ్చారు. "అమ్మాయ్, ఇదిగో, ఇదే ఫైన..."

"ఇచ్చేసిన సార్. నాదే ఇచ్చిన."

"స్ఫూర్తి ఎన్నోది?"

"తొమ్మిది."

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. తిడితే ఏమనాలో హిమజ వారం నుంచి సిద్ధం చేసుకుని ఉంది. ఆయన తిట్టలేదు. కంచె వైపు చూపించారు. అక్కడ నడుముకి తోలు గ్లవుజులు దోపుకుని ఒకతను నిలబడ్డాడు.

"స్ఫూర్తి వాళ్ల నాన్న, నర్సింహ. లైట్‌మ్యాన్. అతని షూటింగ్ బండి ఏడూ ఇరవైకి వెళ్లిపోతుంది. కూతురు మొదట ఆడితేనే చూస్తాడు. లాస్య వాళ్లమ్మ వంటపని ముగించుకుని వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. అందుకే దానిది ఏడో పేరు."

"అయితే గా ఫోన్లన్నీ..."

"వీళ్ల ఇళ్లకేనమ్మా."

"నాకొక్క మాట చెప్పొద్దా సార్?"

"చెబితే పిల్లలకి తెలిసిపోతుంది. నాన్న తనంతట తానే వచ్చాడనుకోవాలి గానీ, ఎవరో పిలిస్తే వచ్చాడనుకోకూడదు కదా. ముప్పై ఏళ్లు ఆ తండ్రుల్ని తెల్లారకముందే బండెక్కించినవాణ్ణి నేనే."

హిమజ సిగ్గుతో చచ్చిపోయింది. కాగితం వెనక్కి రాదు.

అచ్యుతరామయ్య గారు గడియారం చూసుకుని లేచి రోడ్డు మీద ఆగి ఉన్న షూటింగ్ బండి వైపు నడిచారు. ఆయన హయాంలో ఏ బండీ ఒక్క నిమిషం ఆలస్యంగా కదల్లేదని ఆయనకి మహా గర్వం. ఆ పెద్దమనిషే బండి వెనక చక్రం దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు కూర్చుని, అగ్గిపుల్లతో గాలి తీసేశారు. స్టెప్నీ మార్చేసరికి అరగంట గడుస్తుందిలే అని ఆయన లెక్క. తీరా చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు! పంక్చర్ షాపు తెరవలేదు. "కొంప మునిగింది" అని ఆయన తల పట్టుకున్నారు. బండిలోని ఎనిమిది మంది లైట్‌మ్యాన్లూ దిగొచ్చి కంచె పొడుగునా నిలబడ్డారు.

స్ఫూర్తి రెండుసార్లు బ్యాటింగుకొచ్చి రెండుసార్లూ అవుటైంది. "మస్తు ఊపింది బ్యాటు!" అని నర్సింహ మురిసిపోయాడు. చివరి ఇన్నింగ్సులో స్కోర్లు సమానంగా ఉండగా మళ్లీ వచ్చింది. భయంతో కళ్లు గట్టిగా మూసుకుని బ్యాటు కదపనేలేదు. పడిన నాలుగు బంతులూ దారి తప్పినవే. అంపైరు మొదటి బేస్‌కి వెళ్లమన్నాడు.

"ఏంది మేడం, కొట్టకుండనే పంపిండ్రు?"

"బాల్ సక్కగ లేదన్నా. అట్లాంటప్పుడు కొట్టకుండ ఆగుడు గూడ ఆటనే."

"నా బిడ్డకు గంత ఓపిక ఏడికెల్లి వచ్చింది!" అని నర్సింహ ఎగిరి గంతేశాడు. ఎనిమిది ఈలలు ఒకేసారి మోగాయి. ఆ ఊపులో లాస్య బంతిని కంచె దాటించింది. ముందు స్ఫూర్తి, వెనకాల లాస్య బేస్‌లన్నీ చుట్టి హోమ్ బేస్ చేరారు. జట్టు నిలబడింది, లెక్కల మాస్టారికి పీరియడ్లు పోయాయి.

అంతలో డ్రైవరు ఫోన్లో సెట్టు నుంచి అరుపులు. అచ్యుతరామయ్య గారు ఫోన్ తీసుకున్నారు. "నేనేనయ్యా, అచ్యుతరామయ్యని. గాలి తీసింది నేనే. తిట్టు, వింటున్నా."

హిమజ ఆ ఫోన్ లాక్కుంది. "సారుది తప్పు లేదండీ. బ్యాటింగ్ ఆర్డర్ నేను మార్చిన, అందుకే లైట్లోళ్లు రాలే."

అవతలి నుంచి నీరసంగా ఓ గొంతు వినబడింది. "ఇవాళ మనది పెళ్లి సీను కదమ్మా. ఇందులో బ్యాటింగ్ ఎవరు పెట్టారు?"

హిమజ నవ్వాపుకోలేక ఫోన్ డ్రైవరు చేతిలో పెట్టేసింది. అచ్యుతరామయ్య గారు అప్పటికే ఎవరో తెచ్చిన చేతి పంపుతో టైరుకి గాలి కొడుతున్నారు. తొమ్మిది మంది ఆడపిల్లలూ తమ వంతు కోసం ఆయన వెనకాల నిలబడ్డారు.