ఒకే బీరువా

మంగళవారం పొద్దున మా అరవదేశపు ధర్మపురి ఆస్పత్రి నుంచి మా అక్క ఫోను చేసి, "మీ బావ పోయినాడురా" అంది. ఇండూరు బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, ఊరందరికీ వాద్యారు. నేను బడి ముఖం చూడనివాణ్ణి. తెలుగు అక్షరాలు ఆయన దగ్గర నేర్చుకున్నాను, మిగతా చదువంతా శనగల పొట్లాల కాగితాల మీదే.

ఊళ్లో సగంమంది ఆడవాళ్లు తమకొచ్చిన ఉత్తరాలు బావ చేత చదివించుకునేవాళ్లు. చదివిన మాట ఆయన మళ్లీ ఎత్తేవాడు కాదు. "చెవిలో పడినదానికి నోటి దారి చూపకూడదప్పా" అనేవాడు. నా చెవికీ నోటికీ మధ్య తారురోడ్డే ఉంది.

రెండువేల ఒకటిలో జనాభా లెక్కల పని ఆయన మీద పడింది. ఇందులో రాసింది ఇంకో శాఖకు చూపరని, అలా చట్టం ఉందని శిక్షణలో చెప్పారట. తక్కినవాళ్లు విని టీకి లేచారు. బావ మాత్రం దాన్ని తన సొంత మాటగా ఇంటింటికీ మోశాడు. కాగితం మీద తుండుగుడ్డ కప్పుకుని రాసేవాడు. సంతలో ఎద్దుల దళారులు తుండు కింద వేళ్లు నొక్కి బేరమాడతారు చూడండి, అలాగ. నేనొకసారి వేలు తప్పు నొక్కి గుడ్డి ఎద్దును ఇంటికి తోలుకొచ్చాను, అది వేరే కథ. "ఏమి వాద్యారే, ఎద్దునా అమ్మేది?" అని వీధంతా ఎగతాళి చేసింది.

మా పక్కింటావిడ విధవ. ఒక్కగానొక్క కొడుకు బెంగుళూరులో తాపీపనికి పోయి తల్లిని మరిచాడు. ఎదిగిన కొడుకుంటే పింఛను రాదు గనక, కొడుకు లేడని వేలిముద్ర వేసి పింఛను తింటోంది. పిల్లలెంతమంది అని బావ అడిగినప్పుడు నేను గోడ ఇవతల ఆవుకు గడ్డి వేస్తున్నాను.

"ఇది పింఛనోళ్లకు పోతుందా?"

"పోదక్కా. చట్టముంది."

ఆవిడ గొంతు దించి అంది. "అయితే ఒకడుండాడని రాయి. ఆ పింఛను కాగితంలో వాణ్ణి చంపి తింటా ఉండా. ఇంకొక తూరి చంపలేను."

బావ కాగితాలు కట్ట కట్టి, తానే బస్సెక్కి తాలూకా ఆఫీసులో ఇచ్చి, సంతకం తీసుకుని వచ్చాడు. నాలుగు నెలలకు పింఛను ఆగిపోయింది. కారణం, కొడుకు బతికే ఉన్నాడు.

బావ ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయాడు, వెంట నేనూ. గుమాస్తా మర్యాదస్తుడు, మాకు టీ తెప్పించాడు. చట్టం సంగతి బావ అరవంలో చెప్పుకొస్తే చివరిదాకా విన్నాడు.

"వేరే శాఖకు ఎవరిచ్చినారు సార్? జనాభా లెక్కలు చూసేదీ నేనే, పింఛను చూసేదీ నేనే. బీరువా ఒకటే. అది పై అర, ఇది కింది అర. మీ చేతిరాత ముత్యాలు సార్, వెతికే పనే లేకపోయింది."

బావ కలెక్టరుకు అర్జీ పెట్టాడు. విచారించమని అది ఆ గుమాస్తా బల్ల మీదికే దిగింది.

పక్కింటావిడ తిట్టలేదు. "నువ్వు అడగకపోయింటే నేను చెప్పేదాన్ని కాదు" అంది, అంతే. ఆ వయసులో మళ్లీ ఇటుకలు మోసింది. అక్క పంపిన బియ్యం మూట వేసిన ముడితోనే తిరిగొచ్చింది. వాద్యారు ఆమెను అమ్మేసినాడని ఊరు తీర్పిచ్చింది. ఆ తర్వాత ఒక్క ఉత్తరమూ బావ గడప తొక్కలేదు. జరిగింది నేను నలుగురికీ చెబుతానంటే బావ ఒప్పుకోలేదు. "ఆమె గుట్టు మళ్లీ వీధిలో వేస్తావా?" అన్నాడు. జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ తెరవాల్సినప్పుడు.

ఏళ్లు తిరిగి, కిందటేడు ఆవిడ మళ్లీ పింఛను సంపాదించింది, కొడుకు లేడనే. మూడు నెలలకే వాడు గోడ కడుతూ సారువ కర్రల మీంచి పడి, నడుము విరిగి తల్లి దగ్గరికి చేరాడు.

చావు కబురు అందరికంటే ముందు ఆవిడకే చెప్పమంది అక్క. చెప్పాల్సినవాళ్ల పేర్లు రాసుకున్న కాగితం చేతిలో ఉండగానే పోయి నిలబడ్డాను. ఆవిడ నా ముఖం కంటే ముందు కాగితాన్ని చూసింది. రెండు చేతులూ చాచి వాకిలి పట్టుకుంది.

"ఇంట్లో నేనొక్కతే" అంది.

ఆమె భుజం వెనక చీకట్లో, కంచం ముందు కొడుకు నోటిదాకా తెచ్చిన ముద్దను అలాగే ఆపి, నేను పోవడం కోసం చూస్తున్నాడు.