నలభై అడుగులు నడిచిన గుంజ

"...గుంజ పీకి ముందుకు పాతితే సముద్రం వెనక్కి పోతుందట్రా?"

"సముద్రం సంగతి కాదు మావయ్యా. ఇళ్ళు వెనక్కి జరిపితే పార్కింగ్ ఎక్కడ?"

"పర్యావరణం అంటివి. మళ్ళీ కార్లేంట్రా?"

"కరెంటు కార్లే."

తలుపు అవతల ఉన్న ఆఫీసువాళ్ళు తలలు దించుకుని పని చేస్తున్నట్టు నటించారు. లోపల తగువాడుకుంటున్నది ఆ ఇళ్ళ ప్లాన్ల ఆఫీసు యజమాని, అతని మేనమామ. మేనమామను అందరూ టేపు మావయ్య అంటారు. ఆఫీసు పెట్టిన బావగారి, అంటే ఈ మేనల్లుడి తండ్రి, కాలం నుంచీ ఆయన నేల కొలవనిదే ఆ ఆఫీసులో ప్లాను గీసింది లేదు. మేనల్లుడి చేతికి మొదట స్కేలిచ్చిందీ ఆయనే.

ఆ మేనల్లుడు పర్యావరణం మీద పెద్ద చదువు చదివొచ్చి, సముద్రపొడ్డున ప్రకృతి ఒడిలో పన్నెండిళ్ళ విడిది గీస్తున్నాడు. ప్రకృతికి హాని జరగకూడదని గోడలు కాంక్రీటుతో కట్టి, పైన వెదురు తడికలు అతికిస్తారు. వెదురు ఓడలో వస్తుంది. సముద్రంలో దిగితే చేపలకు ఇబ్బంది కనక ఇంటికో ఈతకొలను. స్నానాలగదిలో మాత్రం నీళ్ళు పొదుపుగా వాడమని బోర్డు.

వీటిలో వేటికీ మావయ్య అడ్డు చెప్పలేదు. ఎవరి పిచ్చి వారికానందం. ఆయన పని గుంజ పాతడం. సముద్రం వైపు దాన్ని దాటి ఇల్లు కట్టకూడదు. కొత్త స్థలానికి వెళితే ఆయన ముందు టేపు తీయడు, అక్కడ వలలు బాగుచేసుకునే ముసలివాళ్ళ పక్కన కూర్చుంటాడు. ఈసారి ఒకావిడ లేచి, నడిచివెళ్ళి, బొటనవేలితో ఇసుకలో గీత గీసింది.

"తుఫానుకి మా పొయ్యి ఇక్కడే మునిగింది నాయనా."

అక్కడే గుంజ పాతాడు. వారం తిరక్కుండా, పార్కింగ్ కోసం ఆ గుంజ నలభై అడుగులు సముద్రం వైపు నడిచింది. కొలిచినవాడి సంతకం లేనిదే అనుమతి రాదు. పెడితే, పన్నెండు పడకగదులు ఆ పొయ్యి కన్నా ముందే మునుగుతాయి.

"మావయ్య కాదనడులే అని అమ్మ కూడా అంది," మేనల్లుడు మెత్తగా అన్నాడు.

"మీ అమ్మకి ఈత వచ్చా?"

"ఎగతాళి చాలు. ఎల్లుండికి ప్లాను అనుమతికి పంపాలి. నువ్వు పెట్టకపోతే ఇంకొకాయన్ని తెచ్చుకుంటాను. నీ కుర్చీ ఆయనదే."

మావయ్య కళ్ళజోడు చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. సంచిలోంచి చుట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"పాత గుంజ నుంచి గీశాను. ఎనిమిదిళ్ళే పడతాయి. కార్లు రోడ్డు మీదే ఆగుతాయి. నా సంతకం దీని మీదే. నువ్వు గుంజ జరిపి గీసినదాని మీద పెట్టను. కుర్చీ కొత్తాయనకిచ్చెయ్యి."