కంబదూరు నుంచి తాడిపత్రికి, నాయన బాప్తిస్మ పరీక్ష కోసం

నాయన బావులు తవ్వేవాడు. కంబదూరు చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళలో ఆయన దిగని బావి తక్కువ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ, నేను, చెల్లెలు బాప్తిస్మం తీసుకున్నాం. నాయన తీసుకోలేదు. వద్దనలేదు, పరీక్షలో తప్పాడు. మా సంఘంలో నీళ్ళలో మునిగే ముందు ఊరి ఉపదేశి కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. దేవుళ్ళెందరు అంటే ఒక్కడే అనాలి. తండ్రి దేవుడా, కుమారుడు దేవుడా, పరిశుద్ధాత్మ దేవుడా అంటే మూడింటికీ అవుననాలి. అయితే ముగ్గురు దేవుళ్ళా అంటే కాదు, ఒక్కడే అనాలి. అందరూ అప్పజెప్పి వచ్చేవారు. నాయన మాత్రం చివరి ప్రశ్న దగ్గర ఆగి, “అదెట్లైతాది?” అని ఎదురు అడిగేవాడు. పదేళ్ళలో మూడుసార్లు ఇలాగే జరిగింది. ఉపదేశికి విసుగొచ్చి, తాడిపత్రిలో ఉండే పెద్ద పాదిరి అయ్యగారి దగ్గరికి పొమ్మన్నాడు. ఆయన కూడా కాదంటే ఇక అడగడానికి ఎవరూ లేరు.

నెలకొకసారి ఆదివారం నాడు గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఆ సమయానికి బాప్తిస్మం లేనివాళ్ళు లేచి బయటికి వెళ్ళాలి. మా గుడిలో అలా లేచేది పదేళ్ళుగా నాయన ఒక్కడే. బయట గోడ నీడన కూర్చునేవాడు. మేం బయలుదేరే ముందు రోజు అమ్మ సంగటి ముద్ద ఆయన ముందు పెడుతూ అంది: “ఈసారన్నా నోటికొచ్చింది చెప్పి రాప్పా. నువ్వు ఆడ గోడకాడ కూకుంటే నాకు ఈడ రొట్టె గొంతులో దిగదు.”

“నీళ్ళు పడకుండా పడినాయని చెప్తే రైతు ఊరుకుంటాడా?” అన్నాడు నాయన.

“ఇది బావి కాదు గదా.”

“దీంట్లో అబద్ధం చెప్పొచ్చునా అయితే?”

ఎనిమిదో తరగతి వరకు చదివినవాణ్ణని అమ్మ నన్ను తోడు పంపింది. పుస్తకం నేను చదవాలి, మాట్లాడేది ఆయన.

నయాపైసలు వచ్చి రెండేళ్ళయినా కండక్టర్లు ఇంకా అణాల్లోనే చెప్పే రోజులవి. ఉగాది వెళ్ళి నెల దాటింది. మా ఊరి నుంచి కంబదూరు మూడు మైళ్ళు నడక. తెల్లవారేసరికి రోడ్డు మీద ఉంటే ఆరుగంటల బస్సు దొరికేది. కళ్యాణదుర్గంలో దిగి బస్సు మారి, అనంతపురం చేరేసరికి పది దాటింది. టికెట్టు మనిషికి రూపాయిన్నర లోపే. దారి పొడవునా ఎర్రటి బీళ్ళు, గుండ్లు, అక్కడక్కడ ఎండిన వేరుసెనగ కట్టె మేస్తున్న గొర్రెలు. నాయన కిటికీలోంచి బావులు మాత్రమే చూశాడు. ఒక్కో బావి దగ్గర ఎత్తిపోసిన మట్టి రంగు చూసి, “దీంట్లో రాయి తగిలింది,” “ఇది వదిలేసినారు,” అని తనలో తను చెప్పుకున్నాడు.

తాడిపత్రి బస్సు పదకొండున్నరకని చెప్పారు. బస్టాండు పక్క సందులో ఒకామె బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతోంది. మమ్మల్ని ఏ ఊరు, ఎవరు అని అడిగి, బయటి బండ మీద కూర్చోమని విస్తరాకులో పెట్టింది. తినేటప్పుడు నాయన నన్ను పుస్తకం తీయమన్నాడు. ఏసు నదిలో మునిగి లేచిన చోటు చదివాను. ఆయన నీళ్ళలో ఉన్నాడు, తండ్రి స్వరం పైనుంచి వినిపించింది, ఆత్మ పావురంలా దిగింది.

“చూడు, ఆడ ముగ్గురూ మూడు తావుల్లో ఉండారు,” అన్నాడు నాయన. “ఒకడు కింద, ఒకడు పైన, ఒకడు నడాన. ఇంగ ఒక్కడని యాడుండాదో అది చదువు.”

పాత నిబంధనలో ఆ మాట చెప్పిన చోటు వెతికి చదివాను. దేవుడు ఒక్కడే, ఇంకొకడు లేడని అక్కడ గట్టిగానే ఉంది.

“పుస్తకం అబద్ధం చెప్పదు గదా?”

“చెప్పదు నాయనా.”

“ఇదీ చెప్పింది, అదీ చెప్పింది. మరి ఉపదేశి త్రిత్వం, త్రిత్వం అంటాడే, ఆ మాట యాడుండాది?”

పేజీలు తిప్పాను. అంతకు ముందు కూడా వెతికాను, దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి సిగ్గేసి ఇంకా తిప్పుతూనే ఉన్నాను. బజ్జీలామె వింటోందని అప్పుడు తెలిసింది.

“దీనికింత గొడవెందుకన్నా?” అందామె నూనెలోంచి బజ్జీ తీస్తూ. “మాకూ ముగ్గురుండారు, బ్రహ్మ, విష్ణు, ఈశ్వరుడు. మీకూ ముగ్గురు. సరిపోయె.”

“మీ ముగ్గురూ ముగ్గురేనమ్మా. మా ముగ్గురూ ఒకడంట,” అన్నాడు నాయన.

“అట్లయితే ఒకడికే పెట్టు, ఖర్చు తగ్గుతాది.”

నాయన నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అదొక్కసారే.

తాడిపత్రి బస్సు సగం దారిలో ఇంజను కాగి ఆగింది. డ్రైవరు పెద్దవయసు సాయిబు. డబ్బాతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే నాయన దిగి డబ్బా అందించాడు. ఎక్కడికి, ఎందుకు అని మాట కలిసింది. నాయన తన ప్రశ్న ఆయనకూ చెప్పాడు.

“మీ పని కష్టమప్పా,” అన్నాడు డ్రైవరు. “మాకు ఒక్కడే. పసిపిల్లోడైనా పాసైతాడు.”

“ఒక్కడంటే నాకూ సులభమే సాయిబూ. కానీ ఈ పుస్తకంలో తండ్రి కొడుకుతో మాట్లాడతాండాడే, దాన్నేం చేద్దాం?”

“దాన్ని మీ అయ్యగారు చూసుకుంటాడు. నాకు బ్రేకు పట్టేది చాలు. ఎక్కు ఎక్కు.”

రెండు దాటాక తాడిపత్రిలో దిగాం. అయ్యగారి ఇల్లు బండలు కోసే చోటికి దగ్గర. అడుగడుగునా తెల్లటి దుమ్ము, సుత్తి దెబ్బలు. దారి అడిగితే ఒకతను సుత్తి ఆపకుండానే గడ్డంతో చూపించాడు. అయ్యగారికి డెబ్బై పైబడి ఉంటాయి, చూపు ఆనదు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. వసారాలో నాపరాళ్ళ మీద కూర్చున్నాం. నాయన కూర్చోలేదు, పరీక్ష కదా అని నిలబడ్డాడు.

“కూర్చోప్పా ఓబులేసూ,” అన్నాడు అయ్యగారు. “ముందు ఇది చెప్పు. ఈ బైబిలు ఎవరిది?”

“దేవునిది సామీ.”

“రాసిందెవరు?”

“మనుషులు.”

“మనుషులు రాస్తే దేవునిది ఎట్లైతాది?”

నేను భయపడ్డాను. నాయన మాత్రం తడుముకోలేదు. “దాంట్లో ఏముంది సామీ. పలుగు పట్టి తవ్వేది నేను. బావి రెడ్డిది. ఆయన యాడ తవ్వమంటే ఆడ, ఎంత తవ్వమంటే అంత. రాయి మీద నా పలుగు గుర్తు ఉంటాది, తవ్వించింది ఆయన.”

అయ్యగారు నాయన గొంతు వైపు తల తిప్పాడు. “ఉపదేశి చెప్పినాడా ఇది?”

“లేదు సామీ, నా పనే గదా.”

తర్వాత అసలు ప్రశ్నలు వచ్చాయి. ఒక్కడే అన్నాడు నాయన. తండ్రి దేవుడే, కుమారుడు దేవుడే, ఆత్మ దేవుడే అన్నాడు. ముగ్గురు దేవుళ్ళా అంటే కాదన్నాడు.

“ఎట్ల?” అన్నాడు అయ్యగారు.

“అదే తెలీదు. మూడింటికీ దేవుడని పుస్తకం చెప్తాది, ఒప్పుకుంటా. ఒక్కడే అనీ అదే చెప్తాది, అదీ ఒప్పుకుంటా. రెండూ యాడ కలుస్తాయో నాకు కనపడలే. కనపడిందని చెప్పలేను సామీ. త్రిత్వం అనే మాటే పుస్తకంలో లేదంటాడు మావాడు.”

నేనలా నోటితో అనలేదు. కానీ ఆయన కనిపెట్టాడు.

“మాట లేదు. సంగతి ఉండాది,” అని అయ్యగారు నా వైపు తిరిగాడు. “చదువుకున్నోడివి, నువ్వు చెప్పు మీ నాయనకు.”

నాకు జవాబు వచ్చు. తొమ్మిదేళ్ళప్పటి నుంచి వచ్చు. సూర్యుడు ఒక్కడే, కానీ బింబం, వెలుగు, వేడి అని మూడున్నాయి, దేవుడూ అంతే, అని తడబడకుండా చెప్పాను.

“ఎవరు నేర్పినారు?”

“మా ఉపదేశి.”

“తప్పు.”

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

“వేడి సూర్యునితో మాట్లాడుతాదా? సూర్యుడు వెలుగును ప్రేమిస్తాడా? కొడుకు తండ్రికి ప్రార్థన చేసినాడు గదా. ఇవి ఒకదాని గుణాలు కావు నాయనా.”

“అయితే ముగ్గురనుకోవాలా అయ్యగారూ?”

“అదీ తప్పే.”

“మరి ఏం చెప్పాలి?”

“మీ నాయన ఇప్పుడు చెప్పిందే.”

నాయన ఏమీ చెప్పలేదు కదా, తెలియదన్నాడు కదా అనుకున్నాను. పదేళ్ళుగా ఆ సూర్యుడి జవాబుతో లోపల కూర్చుని రొట్టె తిన్నవాణ్ణి నేను. తెలియదన్న మనిషి బయట కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది, తాగాలో వద్దో తోచలేదు.

అయ్యగారు అంతటితో వదల్లేదు. ఉపదేశి ఉత్తరం రాసినట్టున్నాడు. “బావి మొదలుపెట్టేటప్పుడు మూడు రాళ్ళు నిలబెట్టి పూజ చేస్తావంట?”

“చేస్తా సామీ. రాళ్ళు లేకుంటే మావాళ్ళు గుంతలోకి దిగరు. మునుపు వేరే పేర్లు చెప్తాంటిమి. మా ఆడమనిషి ఒప్పుకోలే. ఇప్పుడు తండ్రికొకటి, కొడుక్కొకటి, ఆత్మకొకటి పెడతాండా.”

“టెంకాయలు ఎన్ని కొడతావు?”

“ఒకటే.”

అయ్యగారు ముందుకు వంగాడు. “ముగ్గురికీ ఒకటేనా? ఎందుకని?”

“మూడు కొనాలంటే దుడ్లు యాడివి సామీ?”

ముసలాయన నవ్వుతూ దగ్గులో పడ్డాడు. వాళ్ళావిడ లోపలి నుంచి వచ్చి వీపు రాసింది. దగ్గు ఆగాక ఆయన గొంతు మారింది. “ఓబులేసూ, ఇంక రాళ్ళు పెట్టద్దు.”

గుంతలో మట్టి విరిగిపడి మా చిన్నాయన పోయిన సంగతి నాయనకూ నాకూ తెలుసు. ఆ రోజు రాళ్ళు పెట్టడం మరిచారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. సుత్తి దెబ్బలు వినపడుతూనే ఉన్నాయి.

“మావాళ్ళు దిగరు సామీ,” అన్నాడు చివరికి.

“నువ్వు?”

“దిగుతా. ముందు నేనే దిగుతా. వాళ్ళు చూసి దిగితే దిగుతారు.”

“రేపు పొద్దున ఏటికి పోదాం,” అన్నాడు అయ్యగారు.

“అర్థం కాలేదని చెప్తి గదా.”

“అర్థమైందని చెప్పి ఉంటే ఇంకో ఏడాది ఆపుతాంటి.”

ఆ రాత్రి వాళ్ళ వసారాలోనే పడుకున్నాం. ఆరుకల్లా పెన్న దగ్గరికి చేరాం. వంద గజాల పైన ఇసుక, నీటి చుక్క లేదు. సంఘం వాళ్ళు ఎప్పుడూ వాడే మడుగు ఎండిపోయిందని వెంట వచ్చిన ఇద్దరు చెప్పారు. బిందెలతో తెచ్చి తొట్టి నింపుదామా అని వాళ్ళు మాట్లాడుకుంటుంటే నాయన ఇసుకలోకి నడిచాడు. అక్కడక్కడ కూర్చుని చేత్తో గీరాడు, పిడికిట్లోకి తీసుకుని వాసన చూశాడు. ఒకచోట పార అడిగాడు. ఇసుకలో నిటారుగా తవ్వితే కూలుతుంది, అందుకని వెడల్పుగా, వాలుగా తీసుకుంటూ పోవాలి. నేనూ ఆ ఇద్దరూ పక్కకు ఎత్తిపోశాం. ఎవరి బాప్తిస్మానికి ఎవరు తవ్వుతున్నారని ఒకతను ఎగతాళి చేస్తే, “నేనుండగా ఇంకోడు తవ్వితే నాకు అవమానం గదప్పా,” అన్నాడు నాయన. నడుము లోతుకు ఇసుక నల్లబడింది. ఇంకో మూరకు ఊట మొదలైంది. ఎండ ఎక్కేసరికి మోకాలి దాకా బురద నీళ్ళు నిలిచాయి.

అయ్యగారిని చెరో చెయ్యి పట్టి దింపాం. నాయన నీళ్ళలో కూర్చున్నాడు. తండ్రి పేరు, కుమారుడి పేరు, పరిశుద్ధాత్మ పేరు చెప్పి అయ్యగారు ఆయన్ని వెనక్కి పడుకోబెట్టి ముంచాడు. లేచాక నాయన కళ్ళలో ఇసుక పడి ఏమీ కనపడక, “ఎవరన్నా తువ్వాల ఇయ్యండప్పా,” అన్నాడు. మేము తిరిగి గట్టెక్కేటప్పటికి ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఆ గుంత ఒడ్డున కూర్చున్నారు, నీళ్ళు తేరేదాకా.

ఆ తర్వాతి నెల రొట్టె ఇచ్చే ఆదివారం నాయన అలవాటు కొద్దీ లేచాడు. అమ్మ పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. నా సంగతి వేరు. లోపలే కూర్చుని ఉన్నా, చేతిలోకి రొట్టె వచ్చినప్పుడు నేనేం నమ్ముతున్నానో సరిగ్గా చెప్పలేకపోయాను. సూర్యుడు పోయాడు, దాని చోట ఇంకొకటి రాలేదు. ఆ తర్వాత చాలామందిని అడిగాను. చాలామంది పోలికలు చెప్పారు, ఒక్కోదానిలో ఒక్కో చిల్లు కనపడింది. నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయనకు తేలిపోయిందో, తేలనిదాన్ని అక్కడే పెట్టి పనిలోకి దిగడం ఆయనకు అలవాటో నేను అడగలేదు.

ఇప్పుడు ఈ దారిలో బస్సులు చాలా ఉన్నాయి. కంబదూరులో పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికల్లా తాడిపత్రిలో ఉండొచ్చు. ఎండాకాలం పెన్న ఇసుక తొమ్మిది దాటితే కాళ్ళు కాలుస్తుంది, అంతకు ముందే పని ముగించుకోవాలి. ఏటిలో మునగడానికి వెళ్ళేవాళ్ళు రెండో జత బట్టలు తప్పక తీసుకెళ్ళండి. మేము తీసుకుపోలేదు. వాటి అవసరం పడుతుందని మాలో ఎవరం అనుకోలేదు.