గిటారులో పడ్డ బాపమ్మ చెవి

పదేళ్ల వయసులో నేను ఒక పేరున్న మనిషి పరువునూ, నాన్నను కన్న మా బాపమ్మ చెవినీ ఒకే దెబ్బకు ఆపదలో పడేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. మీరు మాత్రం హాయిగా నవ్వుకోండి.

మరిపెడలో మా బడి వార్షికోత్సవానికి గిటారు శ్రీనన్న వచ్చాడు. మా బడిలోనే చదువుకుని, టీవీల్లో వాయించేంత పేరు తెచ్చుకున్నవాడు. వాయించే ముందు గిటారును కళ్లకద్దుకుంటాడు. అందుకే అందులో ఏదో మహిమ ఉందని మా తరగతికంతా నమ్మకం. దాన్ని ఇంకా ముదిరేలా చేసింది నా దోస్తు సరిత.

"మహిమ లేకుంటే గా బొక్క ఎందుకుంటదే? హుండీకున్నట్టే లేదా?" అంది.

నేను అక్కడికక్కడే నమ్మేశాను. మీరైతే నమ్మరా?

నా కోరిక ఒక్కటే, బాపమ్మకు చెవులు బాగుకావాలి. శ్రీనన్న చిన్నప్పుడు రోజూ మా ఇంట్లో చల్ల తాగిపోయేవాడట. "గా పిలగాని పాట ఒక్కపారి ఇనాలె బిడ్డా" అని వారం రోజులుగా ఆమెది ఒకటే గోల. చెవి మిషిన్ ఉంది గానీ, ఊరికే కుయ్‌మంటుందని దాన్ని తిట్టుకునేది.

అంతకుముందు కళ్లు మసకబారితే, చిల్పూరు గుట్టెక్కి గుడి హుండీలో వెండి కళ్లు వేసింది. చూపొచ్చింది. మధ్యలో ఆపరేషన్ కూడా జరిగింది కానీ, దాన్ని మేం లెక్కలోకి తీసుకోలేదు. కళ్లకు కళ్లు వేస్తే చెవికి చెవి వేయాలి కదా! వెండి చెవి నేనెక్కడ తెచ్చేది? బాపమ్మ మొఖం కడుక్కోవడానికి మిషిన్ తీసి గూట్లో పెట్టగానే గుప్పిట్లో పట్టుకుని బడికి పరుగెత్తాను. గిటారు ఐదో తరగతి బల్ల మీద ఉంది. సరిత తలుపు దగ్గర కాపలా కాసింది. తీగల సందులోంచి తోశాను. టక్‌మని లోపల పడింది.

సభ మొదలైంది. ముందు వరసలో బాపమ్మ చెవులు తడుముకుంటోంది.

"మిషిన్ కనవడ్తలేదే. నువ్వేమన్న సూసినవా?"

"ఇగ నీకు మిషిన్ అక్కెర్లేదు బాపమ్మా!" అని చెవిలో అరిచాను.

"ఏందీ?"

మహిమకు కాస్త టైం పడుతుందేమోనని సర్దిచెప్పుకున్నాను.

శ్రీనన్న గిటారు ఒడిలో పెట్టుకున్నాడు. చెయ్యి బొక్క మీదికి పోగానే లోపల్నుంచి "కుయ్య్" మని కూత. తీస్తే ఆగింది. పెడితే మళ్లీ కుయ్య్!

"అన్నా, మైకు జర తగ్గియ్యి" అన్నాడు శ్రీనన్న.

"మైకు బందే ఉన్నదన్నా!" అన్నాడు మైకాయన.

సరిత నన్ను గిచ్చింది. "దేవుడు పలుకుతున్నడే!"

ఆ దేవుడి గొంతు నాకు బాగా తెలుసు. రోజూ మా ఇంట్లో వినేదే. జనం నవ్వుతున్నారు, శ్రీనన్న మొఖం కందిపోయింది. పారిపోదామంటే బాపమ్మ నా చెయ్యి వదలదు. ఒక పాట ఎలాగో లాగించి, ఆయన గిటారును బోర్లించి ఊపాడు. కోరికల చీటీలు రెండు, కొబ్బరి ముక్క ఒకటి, చివరికి మిషిన్ రాలిపడ్డాయి.

"గిదెవరిది?"

ఏడుస్తూ లేచాను. "మా బాపమ్మదన్నా. చెవులు మంచిగ కావాలని ఏసిన."

శ్రీనన్న కోప్పడలేదు. కిందికి దిగొచ్చి, మిషిన్ తుడిచి, బాపమ్మ చెవికి తానే పెట్టాడు.

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఎంతసేపు బిడ్డా గా తీగలు దులుపుడు? ఇగ మొదలువెట్టు!"

ఆయన ఆమె ముందే కూర్చుని పాటంతా మళ్లీ వాయించాడు. దారిలో విషయం తెలిశాక బాపమ్మ నా చెవి మెలిపెట్టింది. "నాకన్న ముందుగాల నా మిషిన్ ఇన్నదానే?"

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, బొక్క ఉన్న ఏ వస్తువులోనూ ఏమీ వేయనని. తప్పనిసరై పోస్టు డబ్బాలో ఉత్తరం వేయాల్సొస్తే, ముందు డబ్బాను నాలుగుసార్లు తట్టి, లోపల ఎవరి చెవీ కూయడం లేదని తేల్చుకున్నాకే వేస్తాను.